కండె కొత్త ఇల్లు: నాలుగడుగుల పాము పెట్టె తయారీ డైరీ

2024 జనవరి 13, శనివారం

మా అమ్మాయి పెంచుకుంటున్న కార్న్ స్నేక్‌కు కొత్త పెట్టె కట్టాలని ఈ రోజు నిర్ణయం జరిగింది. నిర్ణయం అని గంభీరంగా అంటున్నాను గానీ, మూడు వారాలుగా రాత్రి పదకొండు దాటాక ఆ పాము తన గాజు తొట్టి మూలలో మూతిని అద్దానికి ఆనించి పైకీ కిందికీ రాస్తూ ఉండటం చూసి, ఇక వాయిదా వేయడం తగదని తండ్రీకూతుళ్ళం ఇద్దరమూ ఒప్పుకున్నాం. పాము పేరు కండె. మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఈ జాతి ఇక్కడి అడవుల్లోనూ పొలాల అంచుల్లోనూ సహజంగా తిరిగేదే. మొక్కజొన్న కొట్లలో ఎలుకల కోసం చేరేది కాబట్టి ఈ జాతికి కార్న్ స్నేక్ (మొక్కజొన్న పాము) అన్న పేరు వచ్చిందని కొందరూ, పొట్ట కింద ఉండే నలుపు తెలుపు గడులు గింజల వరుసలున్న కండెను తలపిస్తాయి కాబట్టి వచ్చిందని మరికొందరూ అంటారు. మా అమ్మాయి రెండో కథను నమ్మి పేరు పెట్టింది.

ఇది అడవిలో పట్టింది కాదు. 2021 వేసవిలో ఒక పెంపకందారు దగ్గర గుడ్డులోంచి వచ్చిన పిల్ల. తెచ్చిన రోజున పెన్సిలంత మందం, జానెడున్నర పొడవు. అప్పుడు కొన్న తొట్టిలోనే ఇప్పటికీ ఉంటోంది. దుకాణాల్లో దానిని 20 గ్యాలన్ల లాంగ్ అంటారు. పొడవు 76, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు. పాము ఇంటిని గ్యాలన్లలో కొలవడం నాకు మొదటినుంచీ వింతగానే ఉంది. అది చేపల వ్యాపారం నుంచి వచ్చిన కొలత. ఎన్ని నీళ్ళు పడతాయన్నది చేపకు ముఖ్యం గానీ, నేలమీద పాకే ప్రాణికి దానితో ఏం పని?

సాయంత్రం రెండు థర్మామీటర్ల ప్రోబులను తొట్టి రెండు కొసల్లో పెట్టి గంటసేపు చూశాం. వేడి వైపు 31 డిగ్రీలు, చల్లని వైపు 27. పుస్తకాల్లో చల్లని వైపు 21 నుంచి 24 మధ్య ఉండాలని ఉంటుంది. దీపం వేడి తగ్గిస్తే చల్లని వైపు బాగుపడుతుంది గానీ, తిన్నది అరిగించుకోవడానికి కావలసిన వేడి అప్పుడు రెండో వైపు మిగలదు. అంటే తప్పు థర్మోస్టాట్‌ది కాదు, 76 సెంటీమీటర్లది. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు, చోటు మారి సరిచేసుకుంటుంది. మారడానికి చోటే లేనప్పుడు మూతి రాయడం తప్ప అది చేయగలిగింది ఏముంది? పెట్టె పెద్దదవ్వాలన్న మాటకు నా మనసులో మొదటి కారణం ఇదే, పొడవు రెండోది.

జనవరి 14, ఆదివారం

ఈ రోజు పామును కొలిచాం. అనుకున్నంత సులువు కాలేదు.

పోయిన నెలలో విడిచిన కుబుసాన్ని మా అమ్మాయి జాగ్రత్తగా దాచి ఉంచింది. దానిని బల్ల మీద పరిచి కొలిస్తే 114 సెంటీమీటర్లు వచ్చింది. అయితే కుబుసం పాము కంటే ఎప్పుడూ పొడవుగానే ఉంటుంది. పాము ఒంటి మీద పొలుసులు ఒకదానిమీదొకటి కప్పుకొని ఉంటాయి, మధ్యలో మెత్తని చర్మం మడతపడి ఉంటుంది. మేజోడును తిరగదీసినట్లు కుబుసం ఊడి వచ్చేటప్పుడు ఆ మడతలన్నీ విచ్చుకొని సాగుతాయి. కాబట్టి ఆ 114ను పక్కన పెట్టి, కండెను బల్ల మీద వదిలి, గోడ వారన అది పాకుతున్నప్పుడు వెన్ను వెంబడి ఒక పురికొస వేసుకుంటూ పోయాం. ఒకసారి 93, ఒకసారి 99, మరోసారి మధ్యలోనే మా అమ్మాయి చొక్కా చేతిలోకి దూరడంతో కొలత లేదు. చివరికి పక్కన స్కేలు పెట్టి పైనుంచి ఫొటో తీసి, ఆ ఫొటో మీద వంపుల వెంబడి గీత గీసి కొలిస్తే 96 వచ్చింది. మూడింటికీ మధ్యలో ఉన్నది కాబట్టి 96 అనే రాసుకున్నాం. వంటింటి త్రాసు మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టి తూస్తే 228 గ్రాములు.

తెనాలి నుంచి మా అమ్మ వీడియోలో ఇదంతా చూసింది. "అచ్చం జెర్రిపోతు పిల్లలా ఉంది కదరా" అంది. నిజానికి అంత దూరపు మాట కాదది. రెండూ ఎలుకలను తిని బతికే విషం లేని పాములే. అయితే జెర్రిపోతును మన దేశంలో ఇలా ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ కూడా సరిహద్దు దాటి జార్జియాలోకి వెళితే ఇదే కార్న్ స్నేక్‌ను అక్కడి సొంత జాతి అన్న కారణంతో పెంపుడు జంతువుగా ఉంచుకోనివ్వరు. ఎప్పుడైనా జార్జియాలోని ఆల్ఫారెట్టాకు మారితే కండె సంగతేమిటని మా ఆవిడ అడిగింది. మారబోమని చెప్పాను.

జనవరి 20, శనివారం

వారమంతా పరిమాణం గురించే చదివాను. ఎక్కువ సమయం తీసుకున్న భాగం ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం విడమరచి రాస్తాను.

పాత లెక్క ఒకటుంది: పెట్టె పొడవు, వెడల్పు కలిపితే పాము పొడవుకు సమానమైతే చాలు. ఆ లెక్కన మా పాత తొట్టి 76కు 30 కలిపి 106, కండె 96, కాబట్టి ఇంకా పది సెంటీమీటర్లు మిగులు! పాము ఎల్ ఆకారంలో గోడ వారన వంగి పడుకుంటుందన్న ఊహ మీద నిలిచిన లెక్క ఇది. జంతుప్రదర్శనశాలల్లో పాములను గమనించి 2019లో క్లిఫర్డ్ వార్విక్, ఆయన సహచరులు ఒక పశువైద్య ప్రవర్తనా పత్రికలో రాసిన వ్యాసం ఈ ఊహను నేరుగా ఎదుర్కొంది: ఒక గంట గమనింపులోనే, మూడో వంతుకు మించిన పాములు తిన్నగా గానీ దాదాపు తిన్నగా గానీ ఒళ్ళు చాపుకొని కనిపించాయి. చుట్ట చుట్టుకోవడం పాము భంగిమల్లో ఒకటి మాత్రమే. మనం గది మూలలో ముడుచుకొని పడుకున్నంత మాత్రాన గది ఆ మూలంతే ఉంటే చాలదు కదా.

మా పనికి ఇంకా దగ్గరగా వచ్చినది ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన పరిశోధన. అది ప్రత్యేకంగా కార్న్ స్నేక్‌ల మీదే జరిగింది. చిన్న పెట్టెల్లోనూ పెద్ద పెట్టెల్లోనూ ఉంచి చూసి, ఆ తరువాత రెండింటిలో ఏది కావాలో పాములకే వదిలేస్తే, అవి పెద్దదానిలోనే ఎక్కువ కాలం గడిపాయి. అక్కడ ఎక్కువగా తిరిగాయి కూడా. "పాముకు ఇరుకంటేనే ఇష్టం" అని మా ఆఫీసులో పాములు పెంచే ఒక మిత్రుడు ఎప్పుడూ అంటాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. పాముకు ఒళ్ళు నాలుగు వైపులా తగిలే ఇరుకైన బొరియ కావాలి. ఆ బొరియ ఒక పెద్ద చోటులో ఒక మూల ఉండాలి గానీ, బొరియే మొత్తం ఇల్లు కాకూడదు. అలా చేస్తే అది మన పాములవాళ్ళ బుట్టే అవుతుంది, పైన దీపం ఒకటి అదనం.

ఇక పొడవు. ఈ జాతి సాధారణంగా 90 నుంచి 150 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 180 దాకా పోయినవి చాలా అరుదు. కండె ఆడది, రెండున్నరేళ్ళకు 96 ఉంది కాబట్టి 120 దగ్గర ఆగుతుందని నా అంచనా. ఇప్పుడు చాలామంది పెంపకందారులు పెద్దదానికి కనీస కొలతగా చెప్పేది 120 పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు, అంటే నాలుగడుగులు, రెండడుగులు, రెండడుగులు. ఎత్తు ఎందుకని మా ఆవిడ అడిగింది. ఈ పాము పొట్ట గుండ్రంగా ఉండదు. అడుగు చదునుగా, పక్కలు కొంచెం నిలువుగా, కోసిన బ్రెడ్డు ముక్క ఆకారంలో ఉంటుంది. పొట్ట పొలుసుల అంచులను చెట్టు బెరడు పగుళ్ళలో ఆనించి నిలువుగా ఎక్కగలదు. ఎక్కగలిగిన ప్రాణికి 30 సెంటీమీటర్ల కప్పు కట్టడం అన్యాయమనిపించింది.

మధ్యరకంగా 91కి 46 కొలతలో దొరికే 40 గ్యాలన్ల తొట్టి కొంటే పని తగ్గుతుందని ఒక ఆలోచన వచ్చింది. కానీ 96 సెంటీమీటర్ల పాముకు 91 సెంటీమీటర్ల ఇల్లు కొనడమంటే, కొన్న రోజే చిన్నదైన చెప్పులు కొనడమే. ఈ పాములు పెంపకంలో పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతాయి. ఒక్కసారే కట్టేద్దాం.

జనవరి 21, ఆదివారం

కాగితం మీద గీస్తే ఒక ముచ్చటైన విషయం తేలింది. ఇక్కడ ప్లైవుడ్ ఎనిమిదడుగులకు నాలుగడుగుల పలకగా అమ్ముతారు. దానిని అడ్డంగా రెండేసి అడుగుల చొప్పున నాలుగు పట్టీలు కోస్తే, అడుగు, కప్పు, వెనుక గోడ, మిగిలిన పట్టీని సగం చేస్తే రెండు పక్క గోడలు. ఒక్క పలకలో పెట్టె మొత్తం, ముక్క కూడా వృథా కాదు.

కాగితం మీద మాత్రమే. రంపం కోసిన ప్రతిచోటా మూడు మిల్లీమీటర్ల చెక్క పొట్టైపోతుంది. మూడు కోతలకు దాదాపు ఒక సెంటీమీటరు. కాబట్టి పట్టీలను 24 అంగుళాలు అనుకోకుండా, అన్నింటినీ ఒకే కొలతగా 23.9 దగ్గర కోయాలి. ఇది చిన్న సంగతి. పెద్ద సంగతి వేరే ఉంది: పక్క గోడలను అడుగు పలక మీద నిలబెడితే, రెండు గోడల మందం లోపలి పొడవులోంచి పోయి, నాలుగడుగుల పెట్టె లోపల 118 సెంటీమీటర్లే మిగులుతుంది. అదే పక్క గోడలను అడుగు పలకకు బయటినుంచి బిగిస్తే లోపలి పొడవు పూర్తిగా 122 దక్కుతుంది. బదులుగా లోపలి ఎత్తులో ఆ నాలుగు సెంటీమీటర్లు తగ్గి 57 అవుతుంది. ఎత్తును వదులుకొని పొడవును ఉంచుకున్నాం. చివరి లెక్కలో లోపలి కొలతలు 122, 58, 57. మూలనుంచి మూలకు నేల మీద 135 సెంటీమీటర్లు. కండె నా అంచనా దాటి పెరిగినా ఆ వాలులో సరిపోతుందని మా అమ్మాయి అంది గానీ, ఆ వాలులో రాళ్ళూ నీళ్ళ గిన్నే ఉంటాయి కాబట్టి దానిని నేను లెక్కలోకి తీసుకోలేదు. 122 దాటితే ఐదడుగుల పెట్టె కట్టవలసిందే.

దుకాణంలో అమ్మే పెట్టెల కొలతలు కూడా చాలావరకు బయటి కొలతలేనని ఈ గీతలు గీశాకే నాకు తట్టింది. కొనేవారు టేపును లోపల పెట్టి చూసుకోవాలి.

జనవరి 27, శనివారం

పలక తెచ్చాం. ముప్పావు అంగుళం బర్చ్ ప్లైవుడ్, ముప్పై కిలోలకు పైనే ఉంటుంది. దుకాణంలోనే పట్టీలుగా కోయించాను. ఇంటికి వచ్చి మూలమట్టం పెట్టి చూస్తే ఒక పట్టీ రెండు మిల్లీమీటర్లు వంకర. దానిని వెనుక గోడకు కేటాయించాను, ఎవరికీ కనబడదు.

స్క్రూ వేసే ముందు చిన్న డ్రిల్లుతో దారి చేసుకోకపోతే ప్లైవుడ్ అంచు పొరలుగా చీలుతుంది. మొదటి మూలలో తొందరపడి ఆ పని చేయలేదు. రెండంగుళాల మేర పొర లేచింది. జిగురు పోసి క్లాంపు బిగించి రెండు గంటలు ఆగాను. ఆ రెండు గంటల్లో గాలి రంధ్రాలు వేశాం: చల్లని వైపు గోడలో కింద ఒకటి, వేడి వైపు గోడలో పైన ఒకటి, రెండంగుళాల గుండ్రని రంధ్రాలు, వాటికి లోపలినుంచి స్టీలు జాలీ. వేడెక్కిన గాలి పైకి పోతూ కిందినుంచి చల్లని గాలిని లాగుకుంటుంది. జాలీ అంచులను మడిచి స్టేపుల్ చేయమని మా అమ్మాయికి అప్పజెప్పాను. పాము పొలుసుల కింద గుచ్చుకునే తీగ ముక్క ఒక్కటి కూడా ఉండకూడదని వేలితో తడిమి తడిమి చూసింది.

సాయంత్రానికి పెట్టె నిలబడింది. అప్పుడు తెలిసింది అసలు తప్పు. దాని కోసం గత వారమే కొన్న బల్ల సరిగ్గా నాలుగడుగులు. పక్క గోడలను బయటికి బిగించాలని నేనే నిర్ణయించినందువల్ల పెట్టె బయటి పొడవు 49.5 అంగుళాలు. రెండు వైపులా ముప్పావు అంగుళం చొప్పున గాల్లో. పెట్టె కొలతలు వారం రోజులు లెక్కించిన మనిషి బల్ల కొలతను ఒక్కసారి సరిచూసుకోలేదు. బల్ల మీదికి ఒక పాత తలుపు పలక వేసి సరిపెట్టాను. మా అమ్మకు ఫోనులో చూపిస్తే, "దాని మీద నేనే పడుకోవచ్చు కదరా, పాముకెందుకు అంత" అంది.

ఫిబ్రవరి 10, శనివారం

రెండు వారాలుగా పూత పనే. కోత అంచులన్నీ రుద్ది, లోపలివైపు నీటితో కలిసే పాలీయురేథేన్ వార్నిష్ మూడు పూతలు. తేమ ఉండే మట్టి వేస్తాం, నీళ్ళ గిన్నె ఒలుకుతుంది, పాము మలవిసర్జన చేస్తుంది. పూత లేని ప్లైవుడ్ ఆరు నెలల్లో ఉబ్బిపోతుంది.

రెండో పూత చెడింది. గ్యారేజీలో రాత్రి వేడి ఏడు డిగ్రీలకు పడిపోయిందని నేను గమనించలేదు. తెల్లారి చూస్తే పూత ఆరకుండా మజ్జిగ తేటలా తెల్లగా మసకబారి, వేలికి అంటుకుంటోంది. డబ్బా మీద ఎంత వేడిలో వేయాలో రాసే ఉంది. దానినంతా గీకి, పెట్టెను నానా తంటాలు పడి భోజనాల గదిలోకి మార్చి, మళ్ళీ వేశాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ మౌనమే ఒక పూత.

లోపలి మూలలకు బూజు మందు కలవని సిలికోన్ పట్టించాం. వాసన పూర్తిగా పోయేదాకా, ఎంతలేదన్నా మూడు వారాలు, పామును దగ్గరికి కూడా తేకూడదని రాసుకున్నాం. మన ముక్కుకు తెలియనంత మాత్రాన వాసన పోయినట్లు కాదు. పాము నాలుకతో గాలిని రుచి చూసే ప్రాణి.

ఫిబ్రవరి 24, శనివారం

అద్దాలు వచ్చాయి. ముందు భాగంలో కింద మట్టి ఆగడానికి తొమ్మిది సెంటీమీటర్ల అడ్డపట్టీ, పైన నాలుగు సెంటీమీటర్ల పట్టీ, మధ్య ఖాళీ 44 సెంటీమీటర్లు. అందులో పక్కకు జరిగే అద్దాలు రెండు, ఒకదానిమీదొకటి రెండున్నర సెంటీమీటర్లు ఎక్కేలా. టెంపర్డ్ అద్దాన్ని ఒకసారి కాల్చి గట్టిపరిచాక కోయడం కుదరదు, అరిగించడమూ కుదరదు. అందుకే ఎడమ, మధ్య, కుడి మూడు చోట్ల ఎత్తు కొలిచి, తక్కువ వచ్చిన కొలతనే దుకాణానికి ఇచ్చాను. సరిపోయాయి. ఈ ప్రాజెక్టులో మొదటిసారికే సరిపోయిన వస్తువు ఇదొక్కటే.

రెండు అద్దాల మధ్య నిలువుగా ఉండే సందు మీద మాత్రం ఒక సాయంత్రం గడిచింది. పాము తల పట్టిన సందులో ఒళ్ళంతా పడుతుంది. ఈ జాతి తప్పించుకోవడంలో ఆరితేరినది. సందు నాలుగు మిల్లీమీటర్లు. మా అమ్మాయి పెన్సిలు దూర్చి చూసింది, దూరలేదు. కండె తల దానికి మూడింతలుంటుంది. గుడ్డులోంచి కొత్తగా వచ్చిన పిల్లకైతే ఆ నాలుగు మిల్లీమీటర్లనూ నేను నమ్మను. అయినా లోపలి అద్దం అంచుకు పారదర్శకమైన రబ్బరు పట్టీ ఒకటి అంటించి, బయట ఒక తాళం బిగించాం.

మార్చి 2, శనివారం

పెట్టె ఖాళీగానే ఉంది, దీపం వెలిగింది. కప్పుకు ఎడమ కొసన 80 వాట్ల వేడి దీపం, వెలుగు లేనిది. చుట్టూ తీగ పంజరం, ఎందుకంటే పాము వేడి దీపానికి చుట్టుకుంటే కాలుతున్న సంగతి వెంటనే గ్రహించదు. థర్మోస్టాట్ ప్రోబును దీపం కింది బండరాయికి టేపుతో కాకుండా చిన్న క్లిప్పుతో బిగించాం. టేపు పాము ఒంటికి అంటుకుంటే పొలుసులు ఊడతాయి.

ఐదు రోజులు రోజుకు మూడుసార్లు మా అమ్మాయి అంకెలు రాసింది. బండ మీద 31, మధ్యలో 26, కుడి కొసన నేల మీద 23. గదిలో 21. ఈ మూడు అంకెల కోసమే ఈ పని మొదలుపెట్టాను. పాత తొట్టిలో రెండు కొసల మధ్య తేడా నాలుగు డిగ్రీలు, ఇక్కడ ఎనిమిది. అదే రకం దీపం, అదే థర్మోస్టాట్. మధ్యలో 46 సెంటీమీటర్ల దూరం పెరిగింది, చెక్క గోడలు వేడిని నిలుపుకుంటున్నాయి.

ఎత్తు వల్ల ఒక ఇబ్బంది కూడా కనబడింది. దీపానికీ నేలకూ మధ్య దూరం ఎక్కువై, మొదట బండ 27 దగ్గరే ఆగిపోయింది. కింద మరో చదునైన రాయి పెట్టి బండను పన్నెండు సెంటీమీటర్లు లేపాక 31కి వచ్చింది. రాళ్ళను మట్టి మీద కాకుండా నేరుగా పెట్టె అడుగు మీద ఆనించి పేర్చాను. మట్టి మీద పెడితే పాము కింద సొరంగం తవ్వుకున్నప్పుడు బండ దాని మీదికి దిగుతుంది.

మార్చి 9, శనివారం

మట్టి, కొబ్బరి పొట్టు కలిపి ఎనిమిది సెంటీమీటర్ల మందాన వేశాం. ఇటుకలా నొక్కి అమ్మే కొబ్బరి పొట్టును బకెట్టులో నానబెడితే మూడు నాలుగింతలు ఉబ్బింది. మా అమ్మమ్మ వాళ్ళ కోనసీమలో కొబ్బరి పీచు దంచిన చోట గుట్టలుగా పడి ఉండే పొట్టును ఇక్కడ డాలర్లు పెట్టి కొని నానబెట్టుకోవడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది. దేవదారు పొట్టు మాత్రం ఎంత చవకైనా వద్దు. దానిలోని నూనెలు పాములకు పడవు.

ఇప్పుడు అసలు సంగతి. పెద్ద పెట్టెలో పాము బెదిరిపోతుందని, తిండి మానేస్తుందని విని ఉన్నాం. మట్టి మాత్రమే పరిచిన ఏడు వేల చదరపు సెంటీమీటర్ల నేలను చూస్తే అది ఎందుకు నిజమవుతుందో అర్థమైంది: పాత తొట్టి నేలకు మూడింతలు, మైదానంలా ఉంది. గద్ద కళ్ళకు దొరికిపోయేలా అంత ఆరుబయలు ఏ ఎలుకా దాటదు, ఎలుకను తినే పామూ దాటదు. బెదిరేది పెద్దతనానికి కాదు, బోసితనానికి. కాబట్టి వేడి వైపు ఒక బొరియ, చల్లని వైపు ఒక బొరియ, మధ్యలో తడి నాచు నింపిన డబ్బా ఒకటి కుబుసం విడవడానికి, వీటన్నిటినీ కలుపుతూ ఓక్ బెరడు ముక్కలు, ఎండుటాకులు, ప్లాస్టిక్ తీగలు. మోచేయంత మందమున్న కొమ్మను వాలుగా బిగించాం. ఒక చివరినుంచి మరో చివరికి పైకి కనబడకుండా పాము వెళ్ళగలగాలి; మా అమ్మాయి ఒక మందపాటి తాడును పాములా లాక్కుంటూ వెళ్ళి, తాడు ఎక్కడ బయటపడుతోందో అక్కడ ఆకులు వేసింది.

బొరియల పరిమాణం మళ్ళీ ఒక లెక్క. దుకాణంలో అందమైన రాతి గుహ కొనబోయి ఆగాను. కండె చుట్ట చుట్టుకుంటే దోసె పెనంలో సగం కూడా ఉండదు, ఆ గుహలో నాలుగు కండెలు పడతాయి. పెరుగు డబ్బాను బోర్లించి, పక్కన రెండు వేళ్ళ వెడల్పు ద్వారం కోసి, అంచులను ఇసుక కాగితంతో నునుపు చేశాం.

మార్చి 16, శనివారం

కండెను ఈ సాయంత్రం మార్చాం. పాత తొట్టిలోని పెరుగు డబ్బాను, కొంత పాత పొట్టును కూడా దానితోపాటే కొత్త పెట్టెలో పెట్టాం, తన వాసన తనకు తోడుగా ఉంటుందని. గంటసేపు డబ్బాలోంచి మూతి మాత్రమే బయటపెట్టి నాలుక ఆడించింది. తరువాత ఎడమ గోడ వెంబడి బయలుదేరి, బెరడు కింద మాయమైంది. ఇక ఆ రాత్రి కనబడలేదు. వారం రోజులు చేత్తో తాకకూడదని, ఆహారం పెట్టకూడదని ముందే అనుకున్నాం.

మార్చి 30, శనివారం

వారం తరువాత పెట్టిన ఎలుకను తినలేదు. మా అమ్మాయి కంగారు పడింది. పెట్టె పెద్దదైపోయిందేమో, సగానికి అట్ట అడ్డం పెడదామా అంది. ఐదు రోజులు ఆగుదామన్నాను. అడ్డం పెడితే మళ్ళీ పోయేది వేడి చల్లదనాల దూరమే కదా. గురువారం రాత్రి మరో ఎలుకను కరిగించి గోరువెచ్చగా చేసి చల్లని వైపు బొరియ ముందు పెడితే, నిమిషంలో పట్టుకుంది. తిన్నాక మరునాడు పగలంతా వేడి బండ కింది బొరియలో పడుకుంది. పాత తొట్టిలో తిన్నాక ఎక్కడ పడుకున్నా ఒకటే.

మూతి రాయడం ఈ రెండు వారాల్లో ఒక్కసారి కనబడింది, మొదటి ఆదివారం, అద్దాలు కలిసే చోట. అది తిరిగి వస్తుందో లేదో చూడాలి. వసంతంలో పాములు ఎలాగూ ఎక్కువ తిరుగుతాయి కాబట్టి దానికి పెట్టె ఒక్కటే కారణమని ఇప్పుడే అనలేను.

నిన్న రాత్రి పదకొండున్నరకు మా అమ్మాయి గుసగుసగా పిలిచింది. కండె వెనుక గోడ వారన, రాళ్ళకూ గోడకూ మధ్య మేము ఖాళీగా వదిలిన సన్నని బాటలో, తోక నుంచి మూతి దాకా గీత గీసినట్లు చాపుకొని ఉంది. కదలడం లేదు. పెట్టె అంచుకు అంటించిన కొలత పట్టీతో చూస్తే 98 దగ్గర మూతి. జనవరిలో పురికొసతోనూ ఫొటోతోనూ తంటాలు పడి కొలిచినదాని కంటే ఈ కొలతే నాకు నమ్మకంగా ఉంది. ఐదు నిమిషాలుండి, తరువాత కొమ్మ ఎక్కింది.

మిగిలిన పనులు: కుడివైపు అద్దం కొంచెం బిగుతుగా జరుగుతోంది, గాడిలో మట్టి రేణువులు దూరినట్లున్నాయి, బ్రష్షుతో తీయాలి. పాత తొట్టిని కడిగి గ్యారేజీలో పెట్టాలి. పెట్టెకు ఎప్పుడైనా మరమ్మతు వస్తే రెండు రోజులు ఉంచడానికి పనికి వస్తుంది.